మూడుసార్లు రాశాను, మూడుసార్లూ పోయింది

దయ్యాలను నమ్మేవాళ్లతో నేను పెట్టుకున్నన్ని తగాదాలు అమెరికాలోని మా ఆష్‌బర్న్‌లో ఇంకెవరూ పెట్టుకుని ఉండరు. ఇంటికో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో ఎవరో ఒకరు మొదలుపెడతారు, తాము అద్దెకున్న టౌన్‌హౌస్‌లో మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించేదని. అందరూ ప్లేట్లు పట్టుకుని దగ్గరికి జరుగుతారు. నేను మాత్రం, "హీటింగ్ ఆన్ అయితే చెక్క సాగుతుంది, అదీ మీ దయ్యం. ఆ పులిహోర ఇటివ్వండి" అంటాను. చెప్పేవాళ్ల మొహం మాడిపోతుంది. మాడనీ.

ఇప్పుడు రాస్తున్నది కూడా దయ్యం కథ అని నేననను. జరిగింది జరిగినట్టు రాస్తాను. మీకు నాకంటే మంచి కారణం తోస్తే చెప్పండి, వాదించడానికి సిద్ధమే. ఇప్పటికి చాలామంది చెప్పారు. ఒక్కటీ నిలవలేదు.

అది 2009 వేసవి. మా ఆయన రమణకు ఉద్యోగం పోయి ఐదు నెలలు. మా గ్రీన్ కార్డ్ ప్రాసెస్ అంతా నా ఉద్యోగం మీద నడుస్తోంది. అదీ పోతే సూట్‌కేసులు సర్దుకోవడమే. పదకొండో క్లాసులో ఉన్న మా అమ్మాయిని మధ్యలో స్కూలు మాన్పించి తీసుకుపోవాలి. ఆ రోజుల్లో తింటున్నా, నిద్రపోతున్నా, ఎవరితో పోట్లాడుతున్నా నా లోపల మెదిలేది ఈ దిగులే.

మా కంపెనీ చిన్నది. కొన్ని క్లినిక్‌లు తీసే స్కాన్‌లను భద్రపరిచే పని మాది. ఆ స్కాన్‌లు ఉండే సర్వర్‌కు నేను అడ్మిన్‌ని. కొన్నాళ్లుగా క్లినిక్‌ల నుంచి ఒకటే ఫిర్యాదు: స్కాన్ తీశాక అది సేవ్ అయ్యేసరికి చాలాసేపు పడుతోంది, తర్వాతి పేషెంటును లోపలికి పిలవలేకపోతున్నాం అని. చివరికి క్లినిక్‌ల మేనేజరు సోమవారం దాకా గడువు ఇచ్చింది. అప్పటికి వేగం పెరగకపోతే వేరే కంపెనీకి వెళ్లిపోతామంది. వాళ్లు పోతే మన టీమ్ ఉండదని మా బాస్ కెవిన్ నన్ను గదిలోకి పిలిచి మరీ చెప్పాడు.

వేగం పెంచే దారి నాకు తెలుసు. డిస్కును సిస్టమ్‌కు తగిలించడాన్ని మౌంట్ చేయడం అంటాం. అలా తగిలించేటప్పుడు అది ఎలా నడుచుకోవాలో చెప్పే మాటలు కొన్ని ఉంటాయి, అవే మౌంట్ ఆప్షన్లు. వాటిని ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే చిన్న ఫైల్లో, డిస్కుకు ఒక వరుస చొప్పున రాసిపెడతాం. మాది జర్నల్ ఉన్న ఫైల్ సిస్టమ్. అంటే ఏ పని చేయబోతున్నా ముందు ఒక పుస్తకంలో రాసుకుని తర్వాత చేస్తుంది. మధ్యలో కరెంటు పోతే ఆ పుస్తకం చూసుకుని మళ్లీ నిలబడుతుంది.

అయితే డిస్కులకు ఒక దుర్గుణం ఉంది. హోటల్లో కొందరు వెయిటర్లు చీటీ మీద రాయకుండానే "రాసుకున్నానండీ" అంటారే, అలాంటిది. నిజానికి మెమరీలో పెట్టుకుని, రాసేశానని చెబుతాయి. బ్యారియర్ అనేది ఆ వెయిటరు పక్కన నిలబడి "చీటీ చూపించు" అనే సూపర్‌వైజరు. భద్రమే, కానీ ఆలస్యం. నోబ్యారియర్ అని రాస్తే ఆ సూపర్‌వైజరును ఇంటికి పంపినట్టు. పని పరుగెడుతుంది. కరెంటు పోయినా మెమరీని నిలబెట్టడానికి, డిస్కులను నడిపే కంట్రోలర్ కార్డుకు ఒక బ్యాటరీ ఉంటుంది కాబట్టి భయం లేదని మా వృత్తిలో చాలామంది వాదన. నా వాదన కూడా అదే.

ఆ వాదనకు అడ్డం పడ్డ మనిషి సోమయాజులు గారు. 1970లలో ఫిజిక్స్ చదవడానికి అమెరికా వచ్చి, ఏదో ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరై, ఇంట్లో కూర్చోలేక మా దగ్గర వారానికి మూడు రోజులు వచ్చేవారు. నేను మాస్టారూ అనేదాన్ని. రెండేళ్లు ఒకే ఆప్షన్ మీద పోట్లాడుకున్నాం.

"బ్యాటరీ ఉంది కదా మాస్టారూ!"

"ఉందని ఎవరు చెప్పారమ్మా?"

"సాఫ్ట్‌వేర్ చెప్పింది. ఆప్టిమల్ అని పచ్చగా చూపిస్తోంది."

"నేను బాగున్నానని మా ఆవిడతో రోజూ చెప్తాను. నమ్ముతుందా? చెయ్యి పట్టుకుని చూస్తుంది. నువ్వూ వెళ్లి మూత తీసి చూడు."

ఆయన పద్ధతి అది. ఆప్షన్ మార్చే ముందు సర్వర్ ఉండే డేటా సెంటర్‌కు వెళ్లి, దాని మూత తీసి, బ్యాటరీని వేలితో నొక్కి చూడాలి. రిమోట్‌గా కూర్చుని అన్నీ చేసే రోజుల్లో ఇదేం చాదస్తమని నేను నవ్వేదాన్ని. ఇంకో చాదస్తం కూడా ఉండేది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో నేను ట్యాబులు కొట్టి వదిలేస్తే వరుసలు వంకరగా వస్తాయి. ఆయన స్పేస్‌లు ఒక్కొక్కటే కొట్టి నిలువు గీత గీసినట్టు సర్దేవారు. "తల దువ్వుకోని పిల్లలా ఉంటుందమ్మా నీ ఫైలు" అనేవారు.

మార్చిలో కెవిన్ ముందే గొడవైంది. "మీకు రిటైర్‌మెంట్ ఉంది, భయపడుతూ కూర్చోవచ్చు. నాకు ఆ సౌకర్యం లేదు" అనేశాను. ఆయన పెన్నుకు క్యాప్ పెట్టుకుని లేచి వెళ్లారు. తర్వాతి వారం గుండెపోటుతో పోయారు. సర్వర్ మీద ఆయన అకౌంట్ తీసేయాల్సింది నేనే. ఒక్క లైను కమాండ్. ఎంటర్ నొక్కాను.

ఇక ఆ శనివారం. క్లినిక్‌లకు సెలవు కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదు దాకా సర్వర్ ఆపుకోవడానికి అనుమతి. ఆఫీసులో నేనొక్కదాన్నే. వారాంతం ఏసీ ఆపేస్తారు కాబట్టి ఉక్క. ముందు చిన్న ఆప్షన్లు పెట్టాను: ఫైల్ చదివిన ప్రతిసారీ టైమ్ రాయొద్దని చెప్పేది, జర్నల్‌కు పెద్ద బఫర్లు, అంటే ఎక్కువ మెమరీ, ఇచ్చేవి. అన్నీ మాట విన్నాయి. టెస్ట్ చేస్తే కొంచెం వేగం పెరిగింది. సోమవారానికి చాలదు.

ఒకటీ నలభైకి నోబ్యారియర్ టైప్ చేసి, సేవ్ చేసి, డిస్కు విడదీసి మళ్లీ మౌంట్ చేశాను. ఏయే ఆప్షన్లతో మౌంట్ అయిందో సిస్టమే చెబుతుంది. మిగతావన్నీ ఉన్నాయి. నోబ్యారియర్ లేదు. ఫైల్ తెరిచాను. అందులోనూ లేదు. సేవ్ చేయడం మరిచానేమో, నలభై ఆరేళ్ల కళ్లు అనుకున్నాను.

రెండోసారి పైకి చదువుకుంటూ టైప్ చేశాను. సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరిచి చూశాను. ఉంది. ప్రింట్ తీశాను. కాగితం మీదా ఉంది. మౌంట్ చేశాను. లేదు. ఫైల్లోనూ లేదు. కాగితం మీద మాత్రం ఉంది.

అప్పుడు నాకు కోపం వచ్చింది. భయం కాదు, కోపం. సర్వర్‌లో ఇంకెవరైనా లాగిన్ అయి ఉన్నారా చూశాను. నేనొక్కదాన్నే. వేరే మెషీన్ మీద చేస్తున్నానా? కాదు. ఫైళ్లను వెనక్కి మార్చే షెడ్యూల్డ్ జాబ్ ఏదైనా? లేదు, అలాంటిది మేమెప్పుడూ పెట్టలేదు. ఏకాగ్రతగా మూడోసారి రాసి, పక్కన ఒక కాపీ కూడా పెట్టుకుని మౌంట్ చేశాను. కాపీలో నోబ్యారియర్ ఉంది. అసలు ఫైల్లో లేదు. ఫైల్ చివరగా మారిన టైమ్ రెండూ ఇరవై ఆరు. అది నేను సేవ్ చేసిన నిమిషమే. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఇంకోటి కూడా చూశాను. నా ట్యాబులు లేవు. వరుసలన్నీ స్పేస్‌లతో నిలువు గీత గీసినట్టు ఉన్నాయి.

మీరిప్పుడు అడగబోయేది నాకు తెలుసు. ఫైల్‌తో పనేముంది, కమాండ్‌లోనే ఆ ఆప్షన్ ఇచ్చి మౌంట్ చేయొచ్చుగా అని. చేయొచ్చు. సగం టైప్ కూడా చేశాను. ఆ వరుసలు చూస్తూ మిగతా సగం కొట్టలేకపోయాను.

"సరే మాస్టారూ, వెళ్తాను. చూసి వచ్చి మీ నోరు మూయిస్తాను" అని ఆ ఖాళీ ఆఫీసులో పైకే అన్నాను. కారు తాళాలు తీసుకున్నాను.

దారిలో రమణకు ఫోన్ చేశాను.

"ఏమండీ, నేను టైప్ చేసింది సర్వర్‌లో నిలవడం లేదు."

"నీ మాట వినని వస్తువు ఒకటి దొరికిందన్నమాట. ఫొటో పంపు, దండం పెట్టుకుంటాను."

"ఎగతాళి తర్వాత. మూడుసార్లు రాశాను."

"పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా విజయా?" అన్నారు. డేటా సెంటర్ వచ్చేసిందని పెట్టేశాను. ఇంకాస్త మాట్లాడితే ఏడుపు వచ్చేలా ఉంది.

డేటా సెంటర్‌లో సర్వర్ ఆపే ముందు బ్యాటరీ స్థితి మరోసారి చూశాను. ఆప్టిమల్, పచ్చగా. సర్వర్ ఆపి, బయటికి లాగి, మూత తీశాను. బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంది. పైనున్న ప్లాస్టిక్ క్లిప్పు విరిగి పక్కకు జరిగింది. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగింది. అది ఎన్నాళ్ల క్రితం చచ్చిందో తెలియదు. ఆ రోజు నోబ్యారియర్ పెట్టి ఉంటే, తర్వాత కరెంటు కాస్త తడబడినా చాలు, సగం రాసిన స్కాన్‌లు పోయేవి. జర్నలే చెడితే డిస్కు మొత్తం పోయేది.

నిజం దాచను. అక్కడ ఒక స్టూలు మీద కూర్చుని ఇంకో ఆలోచన చేశాను. మూత మూసేయొచ్చు. నోబ్యారియర్ పెట్టేసి సోమవారం గట్టెక్కొచ్చు. బ్యాటరీ సంగతి తర్వాత చూసుకోవచ్చు. చూసింది నేనొక్కదాన్నే. చూడకముందైతే చేసి ఉండేదాన్ని. ఆ మెత్తదనం వేలికి తెలిశాక చేయలేకపోయాను. చిన్న ఆప్షన్లతోనే సర్వర్ లేపి ఇంటికి వచ్చి, పని పూర్తి కాలేదని కెవిన్‌కు మెయిల్ పెట్టాను.

ఆదివారం రమణ గరాజ్‌లోంచి సూట్‌కేసులు దించి దుమ్ము దులిపారు.

సోమవారం క్లినిక్‌ల మేనేజరుకు నేనే ఫోన్ చేసి, పని కాలేదు, కారణం ఇదీ అని బ్యాటరీ ఫొటో పంపాను. ఆవిడ ఒకటే అడిగింది, ఇది మీరు ఎలా కనుక్కున్నారు అని. మూత తీసి చూశానని చెప్పాను. బుధవారం దాకా ఆగుతామంది.

మంగళవారం కొత్త బ్యాటరీ కొరియర్‌లో వచ్చింది. బుధవారం పొద్దున క్లినిక్‌లు తెరవకముందే బిగించాను. నొక్కి చూశాను, గట్టిగా ఉంది. నోబ్యారియర్ టైప్ చేశాను. అదే ఫైలు, అవే వేళ్లు, అదే కమాండ్. మొదటిసారికే నిలిచింది. నా ట్యాబులు కూడా వంకరటింకరగా, నేను కొట్టినట్టే ఉన్నాయి. సర్వర్ రీస్టార్ట్ చేసి చూశాను. అప్పుడూ ఉంది. నాలుగేళ్ల తర్వాత ఆ మెషీన్ పారేసేదాకా ఉంది.

టెన్షన్‌లో సేవ్ చేయలేదు నువ్వు అంటారు రమణ. మరి ప్రింట్ ఎక్కడిది అంటే టీవీ పెట్టుకుంటారు. ఫైల్ సిస్టమ్ పాడైందేమో అన్నాడొక స్నేహితుడు. పాడైన ఫైల్ సిస్టమ్ ఒకే మాటను, మూడుసార్లు, బ్యాటరీ మార్చేదాకా మాత్రమే మింగుతుందా? పైగా ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఉన్నది వేరే డిస్కులో. అది చెక్ చేశాను, శుభ్రంగా ఉంది. పోనీ మాస్టారేనా అంటే, ఆ మాట ఒప్పుకోవడానికి నాకు నోరు రాదు. ఇన్నేళ్లు పాట్‌లక్‌లో పోట్లాడిన నోరు కదా.

క్లినిక్‌లు మాతోనే ఉండిపోయాయి. కెవిన్ ఆ సంఘటన మీద రిపోర్టు రాయమన్నాడు. అందులో ఒక గడి ఉంటుంది, లోపాన్ని కనిపెట్టింది ఎవరు అని. నా పేరు టైప్ చేశాను. ఆగస్టులో మా టీమ్‌లో సగం మందిని తీసేశారు. నన్ను ఉంచడానికి కారణం ఆ రిపోర్టేనని కెవిన్ స్వయంగా చెప్పాడు. మా అమ్మాయి ఆ స్కూల్లోనే చదువు పూర్తి చేసింది.

రిపోర్టులో మిగతాదంతా నిజమే. ఆ గడిలో రాసింది ఒక్కటే అబద్ధం. అది రాసేటప్పుడే తెలుసు. మరి ఎవరి పేరు రాయాల్సిందో మాత్రం ఇప్పటికీ తెలియదు.