కాలువలు కట్టేసిన వేసవి

గట్టు మీద ఉన్న వస్తువులు: రెండు ప్లాస్టిక్ బకెట్లు, మూడు సీసాలు, నీటిలో ఉప్పు కొలిచే మీటరు, ఒక రిజిస్టరు. ఉన్న మనుషులు: చెరువు యజమాని, ఆయన దగ్గర మోటారు చూసే మనిషి, నేను. బంటుమిల్లి దగ్గర రొయ్యల చెరువు అది. ఉదయం ఏడున్నర. నేను ఒక నీటి పరీక్షల లాబ్‌లో పనిచేస్తాను. నేను మీటరు చేతిలోకి తీసుకునేలోపే యజమాని వంగి, వేలు నీళ్ళలో ముంచి, నాలుకకు రాసుకుని పక్కకు ఉమ్మాడు.

"పదికి ఒకటి అటూ ఇటూ ఉంటదండి. మీ మిషను ఏమంటదో చూడండి," అన్నాడు.

మీటరు పదకొండు అంది. ఆయన నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఆయన చేసినట్టే వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. ఉప్పు, దాని వెనక కాస్త చేదు. ఈ పని నాకు నేర్పబోయిన మనిషి పోయి ఆ రోజుకు ఏడు వారాలు.

ఆయన పేరు దావీదు. గుడివాడ నుంచి బందరు వెళ్ళే దారిలో నేను చదువుకున్న ఇంజనీరింగ్ కాలేజీలో, సివిల్ విభాగం మట్టి పరీక్షల లాబ్‌కు అటెండరు. ఊరు దివిసీమలో, సముద్రానికి దగ్గర. పొట్టి మనిషి. ఖాకీ చొక్కా మొదటి గుండీ ఎప్పుడూ ఉండేది కాదు. మేమంతా బాబాయ్ అనేవాళ్ళం. నేను ప్రతిదీ నంబర్లు వేసి రాసుకుంటానని నాకు లిస్టు అని పేరు పెట్టింది ఆయనే.

కాలేజీలో తోట మొదలైంది నా మొదటి ఏడాదిలో, దసరా సెలవుల తర్వాత. హాస్టల్ మెస్ వెనక అర ఎకరం ఖాళీ జాగా. అక్కడ అప్పుడు ఏమేం ఉన్నాయో నేను రాసుకున్న కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది: విరిగిన ఇటుకలు, గట్టిపడిన సిమెంటు బస్తాలు, తుప్పు పట్టిన మంచాలు రెండు, లాబ్ మిషను కింద నలిగి పగిలిన కాంక్రీటు దిమ్మలు మూడు వందల పైచిలుకు. పిల్లలు చేతులతో పని నేర్చుకుంటారు, మెస్‌కు తాజా కూరలు వస్తాయి అని ప్రిన్సిపాల్ గారు ఆ జాగా మాకు ఇచ్చారు. ఒక షరతు కూడా పెట్టారు. "రెండో వేసవి దాటి కాలేజీ తెరిచేసరికి మెస్‌కు కూర అందుతుంటే తోట ఉంటుంది. లేదంటే అక్కడ బైకుల షెడ్డు వేయిస్తాను."

దావీదు బాబాయిని ఆ పనికి ఎవరూ నియమించలేదు. సాయంత్రం ఐదింటికి లాబ్‌కు తాళం వేసి, ఖాకీ చొక్కా కిటికీకి తగిలించి, బనియనుతో వచ్చేసేవాడు. మా పగిలిన దిమ్మలనే మడులకు అంచులుగా పేర్పించాడు. మొదటి రోజు నేను మట్టిని సంచిలో పోసుకుని పరీక్షకు పట్టుకెళ్ళబోతుంటే, ఆయన చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు. మా వాళ్ళంతా గొల్లున నవ్వారు.

"ఛీ, మట్టి తింటున్నావేంటి బాబాయ్!"

"మీ మెస్ సాంబారు కన్నా నయమేరా," అని ఉమ్మేసి, తర్వాత మామూలుగా చెప్పాడు. "ఉప్పెన పోయాక మా నాన్న మూడేళ్ళు పొలాన్ని ఇట్టాగే నాకి చూసేవాడు. ఉప్పు దిగేదాకా గింజ వెయ్యలేదు. నాకు అప్పటి అలవాటు."

నీళ్ళు పారే బోదెలకు వాటం చూడటానికి మేము నలుగురం లెవెల్ మిషను, మూడు కాళ్ళ స్టాండు, కొలబద్ద తెచ్చి గంటన్నర కష్టపడ్డాం. ఆయన తాపీ మేస్త్రులు వాడే సన్నటి నీళ్ళ గొట్టం తెచ్చి పావుగంటలో అదే పని ముగించాడు. రెండు లెక్కలకూ తేడా నాలుగు మిల్లీమీటర్లు వచ్చింది. తప్పు మాదేనని మళ్ళీ కొలిస్తే తేలింది. ఆయన వెక్కిరించలేదు. "మీదీ మంచిదే. మోసుకురావడమే కష్టం," అన్నాడు.

సంక్రాంతి వెళ్ళాక తోటకూర, గోంగూర, బచ్చలి, తర్వాత వంకాయలు వచ్చాయి. మొదటి గోంగూర కట్టలు మెస్ వంట మేస్త్రి ముందు పెడితే ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి, "ఎవరి చేలో కోసుకొచ్చార్రా? నిజం చెప్పండి, ఎవడన్నా కర్ర పట్టుకుని వస్తాడు," అన్నాడు. ఆ రోజు గోంగూర పప్పు రెండు వందల మంది తిన్నారు. దావీదు బాబాయి తినలేదు. గిన్నెలు ఖాళీ అవడం చూస్తూ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

మా ప్రాంతంలో వేసవి వస్తే కాలువలు కట్టేస్తారు, అంటే నీళ్ళు వదలడం ఆపేస్తారు. మొదటి వేసవి సెలవులకు మేమంతా ఇళ్ళకు వెళ్ళిపోయాం. ఆయన మాత్రం ఊరు వెళ్ళకుండా, కాలువ కట్టకముందు నింపుకున్న కాలేజీ చెరువు నుంచి బిందెలతో నీళ్ళు మోసి తోటను బతికించాడు. రోజుకు అరవై బిందెలు. అది నాకు సిగ్గనిపించింది. అందుకే రెండో ఏడాది నా ప్రాజెక్టుగా తోట పక్కనున్న బోరుకు టైమరు పెట్టి, ప్రతి మొక్క మొదట్లో చుక్కచుక్కగా నీళ్ళు పడేలా గొట్టాలు వేశాను. కార్తీక మాసంలో బోరు నీళ్ళు మీటరుతో కొలిచాను. 0.8 వచ్చింది. కూరగాయలకు చాలా మంచి నీళ్ళు. రిపోర్టు మొదటి పేజీలో ఆ అంకె రాశాను.

"ఇప్పుడు తియ్యగానే ఉంటాయిరా లిస్టూ," అన్నాడు బాబాయి. "పక్కన కాలువ పారతంది, ఆ నీరే ఇందులోకి ఊరతంది. కాలువ కట్టాక కింద ఉప్పు పైకొస్తది. రోజూ చూసుకోవాలి. మన నేలలో నీళ్ళు మాట మీద నిలబడవు."

"మీటరు అబద్ధం చెప్పదు బాబాయ్."

"అది చెప్పదులే. నువ్వు రోజూ అడగాలి కదా."

ఆ మాట నేను వినకపోలేదు. చేయాల్సిన పనుల జాబితాలో పద్నాలుగోదిగా రాసుకున్నాను: కాలువ కట్టాక మళ్ళీ కొలవాలి. తర్వాత పరీక్షలు వచ్చాయి. పద్నాలుగు పక్కన టిక్కు పడలేదు.

సెలవులకు పమిడిముక్కలలో మా ఇంటికి బయల్దేరే రోజు ఆయనతో చెప్పాను. "ఈసారి నువ్వు కూడా ఊరెళ్ళు బాబాయ్. అంతా టైమరు చూసుకుంటుంది. నువ్వు అక్కర్లేదు."

"అక్కర్లేదంటావ్," అన్నాడు. "మీ పిన్ని సంతోషిస్తదిలే. మరి నీళ్ళు చూశావా?" అని అడిగాడు.

"చూశాను," అన్నాను. కార్తీకంలో చూశాను కదా అనుకున్నాను. ఆయన నమ్మాడు. సంచి సర్దుకుని దివిసీమ వెళ్ళిపోయాడు.

జూన్‌లో నేను తిరిగి వచ్చేసరికి మడుల మీద సున్నం చల్లినట్టు తెల్లటి పొర. వంగ మొక్కలు కాండాలుగా నిలబడి ఉన్నాయి. దొండ పందిరి మీద ఎండిన తీగలు తప్ప ఏమీ లేదు. గొట్టాల మూతుల దగ్గర ఉప్పు పేరుకుని ఉంది. నేను చూస్తుండగానే సరిగ్గా ఆరు గంటలకు మోటారు తనంతట తాను మొదలై, చచ్చిపోయిన మొక్కలన్నిటికీ సమానంగా నీళ్ళు పెట్టింది. మర్నాడు బాబాయి ఊరి నుంచి దోస విత్తనాలు గుడ్డలో మూటకట్టి తెచ్చాడు. గొట్టం కింద వేలు పెట్టి నాలుకకు రాసుకున్నాడు. ఆ రోజు ఉమ్మలేదు. మింగాడు.

ప్రిన్సిపాల్ గారి గదికి పిలిపించారు. ఆయన, మా విభాగాధిపతి, హాస్టల్ వార్డెన్, వంట మేస్త్రి, దావీదు బాబాయి, నేను. "ఈ ఉప్పు నీళ్ళు ఇలా వదిలేసి వెళ్ళింది ఎవరు?" అని ప్రిన్సిపాల్ గారు అడిగారు. నా చేతిలో 0.8 ఉన్న రిపోర్టు ఉంది. నేను నోరు తెరిచేలోపు బాబాయి మాట్లాడాడు.

"నేనేనండి. కాలువ కట్టాక బోరు ఆపేసి చెరువు నీళ్ళు పెట్టమని అబ్బాయి చెప్పి వెళ్ళాడండి. నేను మర్చిపోయి ఊరెళ్ళానండి."

నేను నోరు తెరిచేలోపు అని రాశాను. అది సరికాదు. ఆ తర్వాత కూడా పది నిమిషాలు ఆ గదిలో ఉన్నాం. మాట్లాడటానికి చాలా వ్యవధి ఉంది.

బయట వరండాలో, "ఎందుకలా చెప్పావు బాబాయ్?" అని అడిగాను.

"నీకు ఇంకా రెండేళ్ళ చదువుంది. నాకు ఇంకా రెండేళ్ళ ఉద్యోగముంది. రెండూ ఒకటి కాదురా."

"నేను వెళ్ళి నిజం చెప్పేస్తాను."

"చెబుదువులే. ముందు ఆ మోటారు కట్టెయ్యి."

మోటారు కట్టేశాను. నిజం చెప్పలేదు. తోట చదును చేసి షెడ్డు వేశారు. బాబాయిని బాధ్యత లేని మనిషని లాబ్ నుంచి తీసేసి, హాస్టల్ గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఇరవై రెండేళ్ళుగా ఆయన తుడిచి పెట్టుకున్న మిషన్ల దగ్గరికి మళ్ళీ వెళ్ళనివ్వలేదు. నేను రోజూ ఆ గేటులోంచే కాలేజీకి వెళ్ళేవాణ్ణి. "తిన్నావా లిస్టూ?" అని అడిగేవాడు. తిన్నానని చెప్పి వెళ్ళిపోయేవాణ్ణి. నా ప్రాజెక్టుకు మంచి మార్కులు వచ్చాయి. ఈ ఉద్యోగానికి ఆ రిపోర్టే చూపించాను.

ఆయన గుండెపోటుతో పోయినట్టు మా బ్యాచ్ గ్రూపులో చూశాను. వాళ్ళ ఊళ్ళో జ్ఞాపకార్థ కూడికకు వెళ్ళాను. ప్రార్థన అయ్యాక, అందరూ భోజనాలకు లేచాక, ఆయన భార్య మరియమ్మ గారి పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. క్షమించమని అడగాలనుకున్నాను. ఆమె నన్ను ఆ మాట దాకా రానివ్వలేదు.

"ఆయన మర్చిపోలేదా?" అంది. మళ్ళీ అడిగింది. "మర్చిపోలేదా బాబూ?"

"లేదండీ."

"నాకెప్పుడూ చెప్పలేదయ్యా. నాకూ మర్చిపోయాననే చెప్పాడు. బిందె నిండి పొర్లిన ప్రతిసారీ దెప్పేదాన్ని. నీళ్ళు కట్టడం మర్చిపోయి కాలేజీ తోటనే చంపిన మనిషివి నువ్వు అని. నవ్వేవాడు." ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పోయే ముందు రోజు కూడా అన్నాను."

చెప్పి మంచి పని చేశానో, ఆమెకు మిగిలిన కాస్త నెమ్మదిని కూడా తీసేశానో నాకు తెలియదు. కాలేజీకి కూడా ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఇప్పుడు నేను ఇచ్చే ప్రతి రిపోర్టులో అంకె పక్కన కొలిచిన తేదీ, కొలిచినవాడి పేరు రాస్తాను. లాబ్‌లో అలా రాయమని ఎవరూ అడగరు.

దివిసీమ నుంచి తిరిగి వచ్చాక నా పాత హాజరు పట్టీలు తీసి చూశాను. ఆయన గేటు దగ్గర కూర్చున్న ఆ రెండేళ్ళలో నేను ఆయన్ని దాటుకుని తరగతికి వెళ్ళిన రోజులు మూడు వందల నలభై ఏడు.