వదినతో ఆడిన ఆట

ఎల్లాజీకి వీడియో గేముల మీద గట్టి అభిప్రాయాలుండేవి. 2012లో ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు మేమిద్దరం ఒకే గదిలో అద్దెకుండేవాళ్లం. అన్నం తింటూ మొదలుపెడితే చెయ్యి ఎండిపోయేదాకా చెప్పేవాడు.

"కత ఉంటేనే ఆటరా. కార్లు గుద్దుకోడం, బంతి తన్నడం, అయ్యేటి ఆటలు?" అనేవాడు. రోల్ ప్లేయింగ్ గేముల్లో కూడా వంతులవారీగా పోరాడేవే అతనికి ఇష్టం. "నాను ఆలోసించినంత సేపూ ఎదుటోడు ఆగాల. ఆపాటి మర్యాద నేని ఆట నాకొద్దు." చేతిలో పట్టుకుని ఆడే చిన్న కన్సోల్ నా దగ్గర ఉంటే దాన్ని ముట్టుకునేవాడు కాడు. "అది ఒక్కడే సూసుకునే మిషన్," అనేవాడు.

ఆ మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లినప్పుడు అర్థమైంది. కళింగపట్నం దగ్గర సముద్రపు ఒడ్డున వాళ్ల ఊరు. అన్న నూకయ్య ఏడాదిలో తొమ్మిది నెలలు గుజరాత్‌లో బోట్ల మీద పనిచేసేవాడు. ఒకసారి వస్తూ అక్కడెవరో అమ్మేస్తున్న టీవీకి తగిలించి ఆడే పాత ప్లేస్టేషన్ 2ని లుంగీలో చుట్టి తమ్ముడి కోసం తెచ్చాడు. దాంతో వచ్చిన నాలుగు డిస్కుల్లో ఒకటి, గాలి ఆగిపోయిన దీవికి మళ్లీ గాలి తేవడానికి బయల్దేరిన కుర్రాడి కథ.

నూకయ్య భార్య లక్ష్మణమ్మ పొద్దున్నే చేపల గంప ఎత్తుకుని ఊళ్లు తిరిగి, మధ్యాహ్నానికి ఇల్లు చేరేది. కాళ్లు కడుక్కుని, నాలుగు ముద్దలు తిని, టీవీ ఎదుట గోడకు చేరగిలబడేది. ఆట రిమోట్ తను ముట్టుకునేది కాదు. తెర మీది ఇంగ్లిషుని ఎల్లాజీ వాళ్ల యాసలో చెప్పేవాడు. ఏం చెయ్యాలో ఆవిడ చెప్పేది.

మొదట్లో హీరోకి పేరు పెట్టమని ఆట అడిగిందట. "మీ అన్న పేరెట్టు," అంది, భర్త పేరు పలక్కుండా. అలా తెర మీద నూకయ్య కత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"వదినా, కొట్టమంతావా, మందెయ్యమంతావా?"

"ముందు మందెయ్. ఆడికి సగం ఓపికే ఉన్నాది, అవుపడతందా?"

కథలో ఓడ ఎక్కాల్సి వస్తే మాత్రం ఆవిడ ఓ పట్టాన కదలనిచ్చేది కాదు. రేవులో ఉన్న ప్రతి కొట్టూ తిప్పి మందులు కొనిపించేది. నేను చూసిన ఆదివారం మొత్తం ఆ రేవులోనే గడిచిపోయింది. అంత నెమ్మదిగా ఆడిన ఆటని, అంత ఇష్టంగా చూసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

2013 మార్చికి చివరి కోట ముందుకు చేరారు. అక్కడ లక్ష్మణమ్మ ఆపేసింది. "ఇంకా తయారవనేదు," అనేది ప్రతివారం. ఒకరోజు ఎల్లాజీ తాము ఎంతవరకు వచ్చారో నాకు చూపించడానికి ఆట ఆగిన చోటు దాచి ఉంచే మెమరీ కార్డు, డిస్కు గదికి తెచ్చాడు. నా దగ్గరా ఒక ప్లేస్టేషన్ 2 ఉండేది.

"ఎన్నాళ్లురా ఇలాగ? ముగింపు చూసేద్దాం," అన్నది నేనే.

ఆ మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి ఆట పూర్తి చేశాం. పేర్లు పడుతుంటే నేను చప్పట్లు కొట్టాను. అతను ఆట సేవ్ చెయ్యకుండానే కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు.

కార్డులో ఆట ఇంకా కోట ముందే ఆగి ఉంది. చెప్పకపోతే వదినకి తెలిసేది కాదు. కానీ ఆ శనివారం ఇంటికి వెళ్లగానే చెప్పేశాడు. ఆవిడ ఎండబెట్టిన చేపలు తిరగేస్తోందట. ఒక్కటే అడిగింది.

"ఇంటికొచ్చినాడా?"

"వచ్చినాడు వదినా."

"మరింకేటి. అయిపోనాది గదా," అని పని చేసుకుంది. రెండు నెలలు టీవీ ముందు కూర్చోలేదు. ఎల్లాజీ ఆ డిస్కు ముట్టలేదు. నాతోనూ సరిగ్గా మాట్లాడలేదు. నన్ను ఒక్క మాట అననూ లేదు.

జూన్‌లో నూకయ్య ఇంటికొచ్చాడు. తన పేరుతో ఎవడో కత్తి తిప్పుతున్నాడని విని, చూపించమని పట్టుబట్టాడు. నన్నూ పిలిచారు. లక్ష్మణమ్మ గుమ్మంలో నిలబడింది. పోరాటం మొదలై మొదటి దెబ్బ తగలగానే లోపలికొచ్చి కూర్చుంది.

ఆ చివరి శత్రువుని గెలిచే కిటుకు ఎల్లాజీకి తెలుసు, నాకూ తెలుసు. అతను చెప్పలేదు. నన్నూ చెప్పనివ్వలేదు. వదిన ఏది చెబితే అదే చేశాడు. రెండుసార్లు ఓడిపోయారు.

"నాను సచ్చిపోనానేటే?" అన్నాడు నూకయ్య.

"ఊరుకో. మళ్లీ లెగుస్తావు," అంది ఆవిడ తెర మీంచి చూపు తిప్పకుండా.

మూడోసారి కిటుకు తనే పట్టేసింది. దీవిలో గాలి వీచింది. కుర్రాడు ఇల్లు చేరాడు. లక్ష్మణమ్మ కొంగుతో మొహం తుడుచుకుని టీ పెట్టడానికి లేచింది. ఎల్లాజీ నా భుజం మీద చెయ్యేశాడు.

2018లో ఎల్లాజీ శ్రీకాకుళంలో ఉద్యోగం చేస్తూ కొత్త కన్సోల్ కొన్నాడు. పాతది అప్పటికి డిస్కులు చదవడం మానేసింది. కొత్తదాన్ని ఊరికి తీసుకెళ్లి వదినకి చూపించాడు. బొమ్మ సినిమాలా ఉంది. అందులోని ఆటలో హీరోకి పేరు ముందే పెట్టేసి ఉంది. ఎవరి వంతు కోసమూ ఎవరూ ఆగరు.

ఆవిడ పది నిమిషాలు చూసింది. "ఈడు మనం సెప్తే ఇనడ్రా, ఉరికేస్తన్నాడు," అని లేచిపోయింది.

ఇప్పటికీ ఏ కన్సోల్ మంచిదని కుర్రాళ్లు అడిగితే, ఎల్లాజీ ముందు వాళ్లింట్లో ఎంతమంది ఉంటారో అడుగుతాడు.