పటం మీద కుంకుమ

నాకూ, మా ఇంటికీ జరిగిన అన్యాయాలు, తేదీల వరుసలో:

1992 శ్రావణం. పట్టుపురుగులు గూడు కట్టడానికి వెదురు బద్దలతో అల్లే తట్టను మా వైపు చంద్రిక అంటారు. అలాంటిదొకటి విరిగితే, నేనే విరిచానని మా అన్న నలుగురి ముందు అనడం. (ఈ ఫిర్యాదు తరువాత పరిష్కారమైంది. ఎట్లా అయిందో కింద రాశాను.)

2001 ఆగస్టు. పుంగనూరులో తీసిన ఫోటో కింద "మదనపల్లె" అని చీటీ పెట్టడం.

2001 సెప్టెంబరు. ప్రదర్శన ముగిసినా ఫోటో తిరిగి ఇవ్వకపోవడం. నోటిమాటగా రెండుసార్లు, ఉత్తరం ద్వారా ఒకసారి అడిగాను.

2003 దసరా. నన్ను అడగకుండా ఆ ఫోటో అద్దానికి గంధం, కుంకుమ పెట్టి పూలు చుట్టడం.

2004 మార్చి. అదే ఫోటో కింద మా అన్న పేరుకు ముందు "కీర్తిశేషులు" అని చేర్చడం.

2004 ఏప్రిల్. సందర్శకుల పుస్తకం కనబడకుండా పోవడం.

ఇవి నేను జ్ఞాపకం మీద రాస్తున్నవి కావు. మదనపల్లెలో ఒక హైస్కూలు ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేశాను. ఏ రోజు సంగతి ఆ రోజే పుస్తకంలోకి ఎక్కించడం అక్కడ అబ్బిన అలవాటు. పదవీ విరమణ తరువాత కూడా అది పోలేదు.

అన్యాయం జరిగిన చోటు కుప్పం వైపున్న ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయం. పేరు రాయను, ఎవరి పరువూ తీయడం నా ఉద్దేశం కాదు. లోపలికి వెళ్లగానే కుడివైపు, సంచులు పెట్టే చోటు దాటాక, నాలుగు అద్దాల పెట్టెలు ఉండేవి. అందులోని వస్తువులు నెలనెలా మారేవి. ఒక నెల తాటాకు ప్రతులు, ఒక నెల పుంగనూరు పొట్టి ఆవుల ఫోటోలు, ఒక నెల పాత పెళ్లిపత్రికలు. పక్కన ముక్కాలి పీట మీద సందర్శకుల పుస్తకం, దానికి దారంతో కట్టిన కలం. చూసినవారు తోచింది రాసి వెళ్లవచ్చు.

2001లో "మన ప్రాంతపు పట్టు" అనే ప్రదర్శనకు పాత వస్తువులు అరువివ్వమని వారు కోరారు. నేను మా అన్న ఫోటో ఇచ్చాను.

ఆ ఫోటో గురించి చెప్పాలి. పుంగనూరులో మా అన్న పట్టుపురుగులు పెంచేవాడు. చంద్రిక విరిగిన వారంలోనే పక్కింటి పెళ్లికి వచ్చిన ఫోటోగ్రాఫరు, రీలులో ఒకటి మిగిలిందని మా పురుగులింటి వాకిట్లో అన్నను నిలబెట్టాడు. అన్న ఆ విరిగిన చంద్రికనే తెచ్చి ఎదకు అడ్డంగా పట్టుకుని, "మా తమ్ముని ఘనకార్యం. బాగా పడేటట్టు తియ్యప్పా" అన్నాడు. అందరూ నవ్వారు. నేను దాన్ని ముట్టుకోనైనా లేదు. ఆ సాయంత్రమే పుస్తకంలో రాసుకున్నాను. ఆ తరువాత మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు.

మరుసటి సంవత్సరం, 1993లో, అన్న పట్టుగూళ్ల మూటలు బస్సు మీద వేసుకుని మదనపల్లె గూళ్ల మార్కెట్టుకు బయలుదేరాడు. మూటలు చేరాయి. మార్కెట్టు అరుగు మీద వరుసగా దించి ఉన్నాయి. వాటి మీద అన్న తువ్వాలు నాలుగు మడతలు వేసి పెట్టి ఉంది. అన్న లేడు. దించింది ఎవరో చూసినవారు లేరు. పోలీసులకు రాసిచ్చాను. ఆసుపత్రులు తిరిగాను. సోమల నుంచి బెంగళూరు దాకా బంధువుల ఇళ్లు వెదికాను. ఏ కబురూ రాలేదు.

కబురు లేదు కాబట్టి మా ఇంట్లో ఆయన పటానికి పూలదండ వేయలేదు, అద్దం మీద బొట్టు పెట్టలేదు. పటానికి బొట్టు పెడితే మనిషి పోయాడని ఒప్పుకున్నట్టు. మా వదిన పుంగనూరులోనే ఉంది. నుదుట కుంకుమ, చేతులకు గాజులు, అన్నీ ఉన్నాయి. పన్నెండేళ్లు ఆచూకీ లేకపోతే దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించాలని ఆమె పుట్టింటి పెద్దలు అంటూ వచ్చారు. ఆ గడువు ఈ సంవత్సరం, 2005లో, నిండుతుంది.

ఫోటో ఇచ్చింది ఎందుకో కూడా దాచను. నలుగురు వచ్చే చోట ఉంటే ఎవరైనా గుర్తుపడతారని. అయితే ఆ మాట గ్రంథాలయం వారికి చెప్పలేదు. అరువు ఫారంలో "ఫోటోలోని వ్యక్తి వివరాలు" అన్న గడిలో పేరు ఒక్కటే రాశాను. పక్కన "ప్రస్తుత నివాసం" అన్న గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలేశాను. నా ఉద్యోగకాలంలో నేను ఖాళీగా వదిలిన గడి మరొకటి లేదు.

ప్రదర్శన మొదలైన మూడో వారం వెళ్లాను. చీటీలో "మదనపల్లె" అని తప్పు కనిపించింది. ఫిర్యాదు రాద్దామని సందర్శకుల పుస్తకం తెరిస్తే, నాకన్నా ముందే ఒకరు రాసి ఉన్నారు.

"ఇది మదనపల్లె కాదు. పుంగనూరు, మా పురుగులిల్లు. చంద్రిక విరిచింది నేను. తమ్ముడు కాదు."

సంతకం లేదు. కానీ అన్న అక్షరాలు నాకు తెలుసు. తలకట్లు ఇంటి చూరులాగా పొడుగ్గా లాగుతాడు. కలం ఎంత ఒత్తి రాస్తాడంటే వెనక పేజీని వేలితో తడిమి చదవవచ్చు. తడిమి చూశాను. చదవగలిగాను. తొమ్మిదేళ్లుగా నా పుస్తకంలో ఉన్న ఫిర్యాదు అక్కడ, నిలబడిన చోటే, పరిష్కారమైంది. సంతోషించవలసిన సమయం. నేను మాత్రం వెనక్కి తిరిగి చదువుకునే గదిలోని ముఖాలన్నీ ఒక్కొక్కటిగా చూశాను.

ఫోటోను అక్కడే ఉంచమని వేడుకున్నాను. నెలకు మించి ఏదీ ఉంచే పద్ధతి లేదన్నారు. తిరిగి ఇవ్వమన్నాను. మరో ప్రదర్శనకు పనికొస్తుందని సామాన్ల గదిలో పెట్టారు.

2002 నవంబరులో "కష్టజీవులు" అనే పేరుతో అది మళ్లీ పెట్టెలోకి వచ్చింది. ఈసారి నేను కుప్పంలో గది తీసుకున్నాను. ఆరు రోజులు, తలుపు తీసినప్పటి నుంచి మూసేదాకా, పెట్టెలకు ఎదురుగా పేపరు పట్టుకుని కూర్చున్నాను. వచ్చినవారిని సమయంతో సహా రాసుకున్నాను. ఆరు రోజుల్లో పుస్తకంలో కొత్తగా పడినవన్నీ పిల్లల రాతలే. ఏడో రోజు పదకొండున్నరకు టీ తాగడానికి బయటికి వెళ్లి, పన్నెండు గంటలకు ముందే వచ్చాను. పుస్తకం తెరిచి ఉంది. దారానికి వేలాడే కలం ఇంకా ఊగుతోంది.

"చొక్కా రెండో గుండీ ఆమె కుట్టింది. పచ్చదారం."

ఫోటో నలుపు తెలుపు. అందులో దారం రంగు కనబడదు.

ద్వారం దగ్గర కూర్చునే అటెండరును ఎవరొచ్చారని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎవురొస్తారప్పా? ఇప్పుడే గదా మీరు లోపలికొచ్చి, ఏందో రాసి, బయటికి పోయినారు. మల్లా వస్తాండారు."

"నేను టీకి పోయింటి."

"ఏమోప్పా. మీ మాదిరే ఉండాడు. తువ్వాలు ఒగటి లేదు, అంతే."

నా మెడలో తువ్వాలు ఉంది.

చదివేవారికి కలిగే అనుమానం నాకూ కలిగింది. ఆ రాత్రి నుంచి అన్న రాతను, నా రాతను పక్కపక్కన పెట్టి తేడాలు గుర్తించాను. పదకొండు వచ్చాయి. ఆ తరువాత పుంగనూరు వెళ్లి, ఏమీ చెప్పకుండా, ఆ చొక్కా గురించి వదినను అడిగాను. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే చెప్పింది. తెల్లదారం అయిపోయిందట, పచ్చదారంతో కుట్టిందట, ఆయన అది చూసి బడిపిల్లోళ్ల గుండీ మాదిరి ఉండాదని ఎగతాళి చేశాడట. అంతా చెప్పాక ఆమె వేళ్లు బియ్యంలోనే ఆగిపోయాయి. "నీకెవురు చెప్పినారప్పా ఈ గుండీ సంగతి?" అని అడిగింది. అప్పుడు చెప్పాను. ఆమె ఏడవలేదు. లేచి వెళ్లి ముఖం కడుక్కుని, కొత్తగా కుంకుమ పెట్టుకుని వచ్చి, ఏరడం మళ్లీ మొదలుపెట్టింది.

2003 దసరాకు గ్రంథాలయంలో సరస్వతీ పూజ చేశారు. మన వైపు పూజనాడు లారీకీ, కుట్టుమిషనుకూ, కాటాకూ కూడా బొట్టు పెడతాం కదా. అటెండరు బీరువాలకు, బల్లలకు, అద్దాల పెట్టెలకు గంధం కుంకుమ పెట్టి, సామాన్ల గది కూడా తెరిచి అందులోని పటాలకూ వరుసగా పెట్టుకుంటూ పోయాడు. మిగిలిన బంతిపూలు చుట్టాడు. ఆయన భక్తిలో లోపం లేదు. పూజ అయ్యాక పెట్టెలు తుడిచారు. సామాన్ల గదిలోని పటాలు ఎవరూ తుడవలేదు.

2004 మార్చిలో "మన ప్రాంతపు పెద్దలు" అనే ప్రదర్శన పెట్టారు. పెట్టెలు సర్దే సహాయ గ్రంథపాలకురాలు ఆ ఫోటో బయటికి తీసింది. అద్దం మీద, సరిగ్గా అన్న నుదుటి చోట, ఎండిన కుంకుమ. చట్రానికి వాడిన పూలు. ఫారం చూస్తే నివాసం గడి ఖాళీ. ఆమె చీటీలో "కీర్తిశేషులు" అని చేర్చింది.

కూతురి చదువు పని మీద కుప్పం వెళ్లిన, వదిన వీధిలోనే ఉండే ఒకామె ఆ చీటీ చూసి వచ్చి, వదిన ఇంటి వాకిట్లో నిలబడి చెప్పింది. మధ్యాహ్నానికి వదిన అన్నదమ్ములు వచ్చారు. యూనివర్సిటీ వాళ్లే రాసినాక ఇంకేముందన్నారు. పన్నెండేళ్లు కూడా ఆగనక్కర్లేదన్నారు. నేను వెళ్లేసరికి వదిన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"అద్దానికి బొట్టు పెట్టినోళ్లను ఒక మాట అడిగిరాప్పా," అంది. "నా నొసట బొట్టు ఉంచుకోమంటారా, తుడుసుకోమంటారా?"

మరునాటి ఉదయమే బస్సెక్కాను. పలమనేరు, బైరెడ్డిపల్లె దాటి కుప్పం చేరేదాకా ఏమేం అనాలో వరుసగా రాసుకున్నాను. అక్కడ ఆ కాగితం తీసి, మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాను. సహాయ గ్రంథపాలకురాలు కుర్చీ వేసి, నీళ్లిచ్చి, నెమ్మదిగా అంది: "కుంకుమ ఉంటే పోయినవాళ్లనే కదా సార్ అనుకుంటాం. మీ ఫారంలో ఆ గడి కూడా ఖాళీగా ఉండాది." తప్పు ఆమె ఒక్కదానిదే కాదని అప్పుడు నాకు తెలిసింది. ఆమె చీటీ తీసేసింది. నేను చేతిరుమాలు తడిపి అద్దం తుడిచాను. కుంకుమ పోయింది కానీ లేత ఎరుపు మచ్చ మిగిలింది. ఎంత రుద్దినా పోలేదు. బయట వెలుతురులో పట్టుకుని చూస్తే అది అద్దం మీద కాదు, లోపల, ఫోటో మీదే ఉన్నట్టు కనిపించింది.

వచ్చేముందు సందర్శకుల పుస్తకం తెరిచాను. చివరి పేజీలో, పొడుగాటి తలకట్లతో, కాగితం చిరిగేంత ఒత్తి, ఒకే ఒక పంక్తి ఉంది.

"అట్లే ఉండనీండి."

ఆ పేజీకి నకలు ఇవ్వమన్నాను. దరఖాస్తు పెట్టమన్నారు. పెట్టాను. ఏప్రిల్లో వెళితే పీట మీద కొత్త పుస్తకం ఉంది. పాతది నిండిపోయిందనీ, పాత కాగితాలతో పాటు ఎటు పోయిందో తెలియదనీ చెప్పారు. ఫోటో మళ్లీ సామాన్ల గదికి చేరింది.

అన్న ఏమైనా రాశాడా అని వదిన అడిగింది. పుస్తకం పోయిందని చెప్పాను. అది అబద్ధం కాదు. ఇంతవరకు అంతకుమించి చెప్పలేదు. వచ్చే నెల ఆమె అన్నదమ్ములు పురోహితుణ్ణి తీసుకొస్తారట. అన్న ఉండనీమన్నది అద్దం మీది బొట్టునో, ఆమె నొసటి బొట్టునో ఆ పంక్తిలో లేదు. ఆ మాట చెబితే ఆమె ఏమి తుడుచుకుంటుందో నాకు తెలియదు. చెప్పకపోతే, ఆయన కోరినదాన్ని దాచినవాణ్ణి అవుతాను. నా పుస్తకంలో ఈసారి అన్యాయం చేసినవాడి చోట నా పేరే రాసుకోవలసి ఉంటుంది.

కాబట్టి గ్రంథాలయాధికారి గారిని ఈ అచ్చు ద్వారా కోరుతున్నాను. పాత సందర్శకుల పుస్తకాన్ని వెదికించాలి. దొరకకపోతే దొరకలేదని రాసివ్వాలి. "కీర్తిశేషులు" అన్న మాట ఏ ఆధారమూ లేకుండా చేర్చిందని ఒప్పుకుంటూ, మా వదినకు చూపించడానికి వీలుగా, సంతకంతో ఒక పత్రం ఇవ్వాలి. ఫోటోను ఇంకొక్క నెల మొదటి పెట్టెలో ఉంచాలి. ఖాళీ గడి నింపిన కొత్త ఫారం దీనితో పంపుతున్నాను. "ప్రస్తుత నివాసం: తెలియదు" అని రాశాను. పక్కన కొత్త పుస్తకం, కలం ఉంచాలి. కాపలాకు నేను రాను.

ఈ మూడింటికీ పురోహితుడు రాకముందే, లిఖితపూర్వకమైన జవాబు నా చిరునామాకు చేరాలి. జవాబు టైపు చేసి పంపండి. కవరు మీది చిరునామా కూడా టైపు చేయించండి. చేతిరాతతో వచ్చిందేదైనా, విప్పకుండానే నేను పుంగనూరు తీసుకెళ్లి మా వదిన చేతిలో పెట్టవలసి వస్తుంది.