ఈశాన్యంలో నీళ్ల ట్యాంకు

2023లో, ఎండలు ఇంకా ముదరక ముందు, రాజోలు దగ్గర నా వెల్డింగు షాపుకి కొత్తపేట నించి కృష్ణమూర్తి గారని ఒక కొబ్బరి రైతు వచ్చేరు. అప్పటికి నేను ఇరవై ఆరేళ్లుగా ట్రాక్టరు ట్రక్కులూ, చేపల చెరువులకి నీళ్ల ట్యాంకర్లూ చేస్తున్నాను. ఈయనకి కావలసింది అవేవీ కాదు. జీపు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు. పది అడుగుల పొడవు, లోపల రెండు మంచాలు, ఒక బాత్‌రూము, దానికి నీళ్లు. దీన్నే ట్రావెల్ ట్రైలర్ అంటారు. ఫోన్లో బొమ్మలు చూపించేరు.

"ఎందుకండీ ఇంత తాపత్రయం? ఏ ఊరెళ్లినా లాడ్జీలున్నాయి కదా" అన్నాను. నాకు నోరు కాస్త ఎక్కువే.

"మా అమ్మాయి చక్రాల కుర్చీలో ఉంటుందండి" అన్నారాయన. "ఆ కుర్చీ ఏ లాడ్జీ బాత్‌రూములోనూ దూరదు. ఇరవై నాలుగేళ్లొచ్చేయి. పొద్దున్నెళ్లి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేసే ఊళ్లు తప్ప ఏమీ చూడలేదు. సముద్రం ఒడ్డున రెండ్రోజులు ఉండాలని దాని కోరిక. ఆ తరవాత వెళ్లాల్సిన ఊళ్లు ఓ పుస్తకం నిండా రాసుకుంది."

ఇంక నేనేమీ అడగలేదు. కాగితాల పని ఆయన చూసుకునేలా, బండి పని నేను చేసేలా మాట్లాడుకున్నాం.

ఒక్క దగ్గర పేచీ వచ్చింది. నీళ్ల ట్యాంకు ఎక్కడ పెట్టాలన్నది. రెండొందల లీటర్ల ట్యాంకు. నీళ్లు లీటరుకి కిలో బరువు, అంటే నిండితే రెండొందల కిలోలు. కృష్ణమూర్తి గారు ఈశాన్యంలోనే ఉండాలన్నారు. ఆయనకి వాస్తు మీద గురి జాస్తి.

"ఏవండీ, కదిలే బండికి ఈశాన్యం ఎక్కడుంటుందండి?" అన్నాను.

"మా షెడ్డులో పడమటి ముఖంగా నిలబెడతామండి. అప్పుడు వెనకాల కుడి మూల ఈశాన్యం అవుతుంది. అక్కడ పెట్టండి."

"రోడ్డు మలుపు తిరిగితే ఈశాన్యం కూడా తిరుగుతుంది కదండీ?"

"ఇంటి దగ్గర ఏ దిక్కో అదే లెక్కండి" అన్నారు, నవ్వకుండా.

నేను గట్టిగా వద్దనాల్సింది. అనలేదు. వెనక మూల అయితే నాకూ సులువే. మూత బయటికి పెట్టొచ్చు, పైపుతో నింపుకోవచ్చు, వెల్డింగు రెండు పూటల్లో అయిపోతుంది. ఆయన వాస్తు నా బద్ధకానికి కలిసొచ్చింది. ఈ మాట ఇన్నాళ్లూ ఎవరితోనూ అనలేదు, ఇప్పుడంటున్నాను.

బండి తయారయ్యేక జీపుకి తగిలించి అమలాపురం దాకా తీసుకెళ్లి తీసుకొచ్చేను. పల్లకీలా వచ్చింది. కృష్ణమూర్తి గారు నా చెయ్యి పట్టుకుని ఊపేసేరు. ట్యాంకులో అప్పుడు చుక్క నీరు లేదు. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

పది రోజులకి బండి మళ్లీ షాపు ముందుకొచ్చి ఆగింది. జీపు దిగిన కృష్ణమూర్తి గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ముందు సీట్లో ఆయన కూతురు ప్రసన్న, వెనక సీట్లో వాళ్లమ్మ గారు ఉన్నారు. అంతర్వేది బయల్దేరేరట. సముద్రం పక్కన నీళ్లు ఉప్పగా ఉంటాయని ఇంటి దగ్గరే ట్యాంకు నిండా మంచినీళ్లు పట్టుకున్నారు. మలికిపురం ఇవతల కాలవ గట్టు మీద ట్రైలరు తోక ఆడించడం మొదలెట్టిందట. అటూ ఇటూ ఊగి, దాంతో పాటు జీపునీ ఊపేసింది. ఇంకో రెండు బారలైతే కాలవలో ఉండేవాళ్లం అన్నారు. అక్కణ్ణించి మనిషి నడకలా మెల్లిగా నా దగ్గరికి లాక్కొచ్చేరట.

"దీన్ని తుక్కు కింద అమ్మేద్దామండి, సూరిబాబు గారూ. ఆ సముద్రం కోసం పిల్లని పోగొట్టుకోలేను. ఇంటి పట్టునే ఉంటాం."

ఆ మాటకి ప్రసన్న తల అటు తిప్పేసుకుంది. నేనేమో నా పని మీద మాట పడనివ్వని మనిషిని. "మీరు స్పీడు కొట్టుంటారండి" అనేసేను.

"నాన్నగారు నలభై దాటలేదు బాబాయి గారూ" అంది ప్రసన్న. "మీటరు నేనే చూస్తున్నాను. ఊగడానికి ముందు జీపు వెనక భాగం తేలిపోయినట్టయింది. ఒక్కసారి ఆ కుర్చీ దింపండి, చూపిస్తాను."

వాళ్లమ్మ గారు కుర్చీ దింపి, అమ్మాయిని కూర్చోబెట్టేరు. ప్రసన్న నా షాపులో ఉన్న బోల్టుల సంచీ ఒకటి తెప్పించి కుర్చీ వెనక పిడికి తగిలించమంది. షాపు ముందు ఏటవాలుగా ఉన్న గచ్చు మీదికి ఎక్కబోయింది. ముందు చక్రాలు గాల్లోకి లేచేయి. నేను గభాలున పట్టుకున్నాను.

"చిన్నప్పటి నించీ నాకిది తెలుసండి" అంది. "బరువు చక్రాల వెనక్కి పోతే ముందు తేలిపోతుంది. మీ బండికీ అంతే కదా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ట్రైలరు ముందు కొస జీపు హుక్కు మీద మోపే బరువుని నోస్ వెయిట్ అంటాం. మొత్తం బరువులో ఇంచుమించు పదో వంతు అక్కడ పడాలి. పడితేనే బండి జీపు చెప్పినట్టు వింటుంది. ఇది నేను పనివాళ్లకి నేర్పే మొదటి పాఠం.

పక్కనున్న కొబ్బరి కొట్టులోంచి కాటా తెప్పించి, ట్రైలరు ముందు కాలు దాని మీద ఆనించేం. ట్యాంకు ఖాళీ చేసి చూస్తే అరవై కిలోలు. పైపు పెట్టి నింపడం మొదలెట్టేం. నలభై అయింది, ఇరవై అయింది, పది అయింది. ట్యాంకు ఇంకా నిండనే లేదు, ముందు కొస కాటా మీంచి లేచిపోయింది. ఇద్దరం పట్టుకుని కిందికి నొక్కాల్సొచ్చింది. అటువంటి బండిని ఆడపిల్లున్న జీపుకి తగిలించి పంపించేను.

"తప్పు నాదేనండి" అన్నాను కృష్ణమూర్తి గారితో. "ట్యాంకు మధ్యకి మారుస్తాను. చక్రాలకి జానెడు ముందు."

ఆయన ఇబ్బందిగా చూసేరు. "మధ్యలో బ్రహ్మస్థానం కదండీ. అక్కడ బరువు పెట్టకూడదు. ఈశాన్యంలోనే ఇంకేమైనా ఉపాయం..."

"నాన్నగారూ, అంతర్వేదిలో సముద్రం కనపడాలని బండి తూర్పు ముఖంగా పెడదామన్నారు కదా" అంది ప్రసన్న. "అలా పెడితే మీ ఈశాన్యం నైరుతిలోకి పోతుంది. నైరుతిలో నీళ్లుంటే ఏమవుతుందో మీరే చెప్తారు రోజూ."

ఆయన వేళ్ల మీద దిక్కులు లెక్కేసుకున్నారు. రెండుసార్లు లెక్కేసుకున్నారు. వాళ్లమ్మ గారు చీరకొంగు నోటికడ్డం పెట్టుకున్నారు.

"పైగా ట్యాంకు ఇంట్లో ఉండదండి, గచ్చు కింద ఉంటుంది" అన్నాను నేను. "ఇంటి కింద నీళ్ల ఊట అనుకోండి."

"ఆయ్" అని ఒప్పుకున్నారు చివరికి.

పాత ట్యాంకు కోసేసి, పల్చగా వెడల్పుగా కొత్తది చేసేను. లోపల చిల్లులున్న అడ్డురేకులు వేసేను. వీటిని బాఫిల్స్ అంటారు. ట్యాంకు సగమే ఉన్నప్పుడు నీళ్లు ఒక్కసారిగా పక్కకి పోయి బండిని తొయ్యకుండా ఆపుతాయి. అయినా సరే, నిండుగానో ఖాళీగానో తప్ప సగం నీళ్లతో రోడ్డెక్కొద్దని మరీ మరీ చెప్పేను. ఈసారి నీళ్లు నింపి, మంచాల మీద పరుపులు వేసి, సామాన్లన్నీ సర్దేకే కాటా పెట్టేం. ఎనభై ఐదు చూపించింది. ప్రసన్న పుస్తకంలో రాసుకుంది.

అంతర్వేదికి నేనూ వెళ్లేను, జీపు వెనక సీట్లో. నేను లేకుండా వాళ్లని పంపించే ధైర్యం నాకే లేదు. కాలవ గట్టు దగ్గరికొచ్చేసరికి కృష్ణమూర్తి గారి చేతులు స్టీరింగుని బిగించేసేయి. ప్రసన్న మీటరు చూసి చదువుతోంది. ముప్పై ఐదు. నలభై. నలభై రెండు. నేను వెనక అద్దంలోంచి ట్రైలరు కేసి చూస్తూ కూర్చున్నాను. మా వెనకాలే బుద్ధిగా వచ్చింది. గట్టు దాటేక వాళ్లమ్మ గారు దండం పెట్టుకున్నారు.

ఒడ్డున బండి ఆపి, ర్యాంపు దించేం. ప్రసన్న తనే కుర్చీ తోసుకుంటూ లోపలికెళ్లి తలుపేసుకుంది. కాసేపటికి లోపల నీళ్ల చప్పుడు వినపడింది. మొహం కడుక్కుని బయటికొచ్చి, అక్కడ కొబ్బరి బొండాలమ్మే ఆయన్ని పిలిచి ఒకటి కొట్టించుకుంది. గుక్క తిప్పుకోకుండా తాగేసింది. ఇంకోటి కొట్టమంది.

ఆ పక్కనే నిలబడ్డ వాళ్లమ్మ గారికి కళ్లమ్మట నీళ్లొచ్చేసేయి. ఏమైందండీ అన్నాను.

"బయల్దేరే ముందు రోజు సాయంత్రం నించీ అది నీళ్లు ముట్టదండి" అన్నారావిడ. "పెళ్లికెళ్లినా, పరీక్షకెళ్లినా అంతే. దారిలో బాత్‌రూము ఉండదని. ఇంటికొచ్చేకే తాగుతుంది. బయట ఇలా తాగడం నేను చూడ్డం ఇదే."

నీళ్ల బరువు తెలిసినవాణ్ణని ఇరవై ఆరేళ్లుగా చెప్పుకుంటున్నాను. ఆ పిల్ల మోసే దాహం గురించి, బండి ఆర్డరు తీసుకున్ననాడు ఒక్క మాటైనా అడగలేదు. అసలు ఆ పిల్లతోనే మాట్లాడలేదు. వాళ్ల నాన్నగారితో దిక్కుల గురించి వాదించి పని మొదలెట్టేసేను.

ఇప్పుడు ఖాళీ బండికి ట్రయల్ వెయ్యను. ఎంత బరువుతో తిరుగుతుందో అంత బరువూ ఎక్కించేకే రోడ్డు మీదికి తీస్తాను. ఇక ఎవరు ఆర్డరివ్వడానికొచ్చినా, కొలతలు రాసుకునే ముందు ఒకటే అడుగుతున్నాను. వాడేది ఎవరండి, వాళ్లని ఒకసారి తీసుకురండి అంటాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కున్నా సరే, మళ్లీ రమ్మంటాను.

ఆ రోజు ప్రసన్న మూడో బొండాం కూడా తాగింది.