స్టాండ్ పెట్టిన చెయ్యి

లారీలు బాగుచేసే ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. జాకీతో లేపిన బండికి దన్నుగా ఇనప స్టాండ్ పెట్టి, జాకీ దగ్గరున్నవాడు ‘స్టాండ్ పెట్టాను’ అన్నాకే రెండోవాడు బండి కిందికి దూరాలి. అక్కడి ఒక మెకానిక్ తండ్రి ఆ మాట నమ్మే దూరాడు, నలిగిపోయాడు. మాట అన్నది ఆ తండ్రి సొంత తమ్ముడే. స్టాండ్ గోడకే ఆనించి ఉండటం మెకానిక్ కళ్లారా చూశాడు. అందరూ ప్రమాదమన్నారు. షెడ్డు బాబాయిదైంది. మెకానిక్ ఆయన దగ్గరే పనిలో ఉండిపోయాడు.

“రోజూ బాబాయి బండి కింద, జాకీ నీ చేతిలో. ఇంకేం కావాలన్నయ్యా, ముహూర్తమా?” అని దెప్పేది చెల్లెలు.

“ముందు ఆయన నోటితో ఒప్పుకోనీవే” అనేవాడు. అలా చూస్తూ చూస్తూ జుట్టు నెరిసింది.

ఒకరోజు బాబాయి బండి కింద పనిచేస్తూనే అన్నాడు. “ఆరోజు మీ నాన్నతో అబద్ధమే చెప్పానురా. కావాలనే చెప్పాను.”

మెకానిక్ జాకీ పిడి కొట్టాడు. బండి కాస్త లేచి స్టాండ్ వదులైంది. కిందనుంచి బాబాయి కదల్లేదు. స్టాండును లాగెయ్యబోయిన మెకానిక్ చెయ్యి, వంకరగా ఉన్న దాన్ని అలవాటుగా సరిచేసి, బండిని దానిమీదికే దించింది.

సాయంత్రం ఇంట్లో చెప్పాడు. “ఒప్పుకున్నాడే.”

“మరి?”

“స్టాండ్ పెట్టాను” అని అతను చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాడు. చెల్లెలు ఆ తర్వాత మళ్లీ ముహూర్తం అడగలేదు.