మిషన్ ఆస్పత్రి ట్రెయిలర్‌కు నేను రాసిన రెండు సర్టిఫికెట్లు

అది 1957వ సంవత్సరం, ఏప్రిల్ నెల. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఆరు నెలలు కూడా కాలేదు. ఆదిలాబాదులోని రోడ్ల శాఖ వర్క్‌షాపులో నేను మెకానికల్ సూపర్‌వైజరుగా ఉన్నాను. రోడ్డు రోలర్లు, లారీలు మరమ్మతు చేయించడం నా పని. బయటి సంస్థలు కోరితే, పై అధికారి అనుమతితో వారి వాహనాలను పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడం కూడా నా బాధ్యతే. హైదరాబాదులో ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నాను. తీసిన పనిముట్టు తీసిన చోటనే పెట్టాలని, కాగితం మీద లేని లెక్క లెక్కే కాదని నమ్మినవాణ్ణి. ఆ నమ్మకం ఇప్పటికీ ఉంది. దానికి మరొక మాట చేర్చుకోవలసి వచ్చిన సందర్భం ఇది.

ఖానాపూర్ వైపు పనిచేసే ఒక మిషన్ ఆస్పత్రికి విదేశీ దాతలు ఒక ట్రెయిలర్ పంపారు. రెండు చక్రాల మీద నడిచే చిన్న గది అది. లోపల రెండు మంచాలు, మందుల బీరువా, వెనుక గోడకు ఆనుకొని ముప్పై గ్యాలన్ల నీళ్ళ ట్యాంకు ఉండేవి. దానిని ప్రసూతి గదిగా వాడాలని ఆస్పత్రివారి సంకల్పం. బొంబాయి నుంచి రైలులో ఆదిలాబాదు దాకా వచ్చిన ఆ గదిని, ఆస్పత్రి పికప్ ట్రక్కుకు తగిలించి, ఘాటు రోడ్డు మలుపులు దించి, నిర్మల్ మీదుగా తీసుకుపోవాలి. ఇంజినీరు సంతకం లేనిదే రోడ్డెక్కించవద్దని ఆస్పత్రి పెద్దలు షరతు పెట్టారు.

ఆ పని మీద నర్సు రత్నమ్మ గారు, డ్రైవరు ఎల్లయ్య వచ్చారు.

"వానలు పడకముందే ఇది మాకు అక్కడ ఉండాలె సార్. వాగులు వచ్చినయంటే ఊర్లకు తొవ్వ ఉండది," అన్నారామె. డ్రైవరు బయటికి వెళ్ళాక గొంతు తగ్గించి చెప్పారు: "ఎల్లయ్య మునుపు ఎడ్లబండి తోలేటోడు. పోయినేడు వానలల్ల వాళ్ళ చెల్లెను కాన్పుకు బండిల తీస్కొచ్చిండు. పిల్ల దక్కింది, తల్లి దక్కలే. అటెన్క నేనే లైసెన్సు ఇప్పిచ్చిన."

నేను పుస్తకం తెరిచాను. ఏ వాహనానికైనా టోయింగ్ కెపాసిటీ అని ఒకటి ఉంటుంది. వెనుక తగిలించి లాగగల గరిష్ఠ బరువు అన్నమాట. ఆ పికప్‌కు అది మూడు వేల పౌండ్లు. ట్రెయిలర్ మీది రేకుపై రెండు వేల నూరు అని ఉంది. అయితే రేకు చెప్పేది ఖాళీ బరువే. రోడ్డు మీద నడిచేది నిండు బరువు, అంటే గ్రాస్ వెయిట్. అందుచేత మంచాలు, మందులు, నీళ్ళతో సహా సర్వం సర్దించి, జిన్నింగు మిల్లులో పత్తి బండ్లు తూచే కాంటా మీదికి ఎక్కించమన్నాను.

రెండు వేల తొమ్మిది వందల నలభై వచ్చింది. హద్దుకు అరవై తక్కువ. సామాను ఎల్లయ్యే సర్దాడు. తూకం అయ్యాక ట్రెయిలర్ ముందు కడ్డీని ఒంటిచేత్తో లేపి, పికప్ వెనుక ఉన్న హిచ్ అనే కొక్కేనికి తగిలించాడు.

"భలే బలం నీది!" అన్నాను.

"బలం గాదు సాబ్, సర్దుడుల ఉన్నది," అని నవ్వాడు.

నేను సర్టిఫికెట్ మీద సంతకం చేసి రత్నమ్మ గారి చేతికిచ్చాను. గుడిహత్నూరు వద్ద నాకు రోలరు పని ఉండడంతో అక్కడి దాకా వారితోనే బయలుదేరాను. పికప్‌లో మధ్యన నర్సు గారు, కిటికీ పక్కన నేను.

ఊరు దాటి వేగం ముప్పై మైళ్ళకు చేరగానే సీటు కింద ఏదో కదిలినట్టయింది. అద్దంలో చూస్తే ట్రెయిలర్ కుడికీ ఎడమకూ ఊగుతోంది. చిన్న పల్లం రాగానే ఆ ఊపుకు పికప్ వెనుక భాగం కూడా పక్కకు జరిగింది. ఎల్లయ్య బ్రేకు తొక్కలేదు. మెల్లగా వేగం తగ్గించి, రోడ్డు అంచున ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"నేను నడప సాబ్."

"లెక్క సరిగ్గా ఉంది. నిదానంగా నడుపు," అన్నాను.

"మీ లెక్క మంచిగనే ఉండొచ్చు. గని బండి నా మాట ఇంటలేదు. ఈడ్నే గిట్ల ఆగమైతే ఘాటుల ఏం గావాలె?"

"సంతకం నాది. బాధ్యతా నాదే."

"బాధ్యత మీదే సాబ్. బండిల కూసున్నది మాత్రం ఈ నర్సమ్మ."

నా ఎదుట అలా మాట్లాడిన డ్రైవరు అంతకు ముందు లేడు. కోపం వచ్చింది. రత్నమ్మ గారు కాగితం చేత్తో పట్టుకొని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నారు. అప్పుడు, కడ్డీ లేపిన ఆ ఒంటిచేయి నాకు మళ్ళీ కళ్ళముందు కదిలింది.

"ఎల్లయ్యా, సామాను ఎలా సర్దావు?"

"బండికి సర్దినట్టే సర్దిన. ఎద్దు మెడ మీద భారం పడొద్దని బరువు జర ఎన్కకు జరుపుతం గద. గీ మోటరు మెడ గూడ అల్కగ ఉండాలని పెట్టెలన్ని ట్యాంకు పక్కకు జరిపిన."

ఎద్దు మీది దయను అతడు మోటారుకూ చూపించాడు. పొరపాటు అక్కడే జరిగింది. ట్రెయిలర్ కడ్డీ హిచ్ మీద మోపే బరువును టంగ్ వెయిట్ అంటారు. అది మొత్తం బరువులో ఇంచుమించు పదో వంతు ఉండాలి. తగ్గితే ట్రెయిలర్‌కు పట్టు తప్పి, తోకలా ఊగుతుంది. ఈ సంగతి అతనికి తెలియకపోవడంలో తప్పు లేదు. నేను చదివినవాణ్ణి. కడ్డీ ఒంటిచేత్తో లేస్తుంటే కళ్ళారా చూసి, కారణం అడగక, మెచ్చుకున్నాను.

నడక వేగంతో మిల్లుకు తిరిగి వచ్చాము. చక్రాలు మాత్రం కాంటా మీద నిలిపి, కడ్డీని బయట దిమ్మె మీద ఆనించి తూచాను. మొత్తం బరువుకూ దీనికీ తేడాయే టంగ్ వెయిట్. డెబ్బై పౌండ్లు! ఉండవలసింది దాదాపు మూడు వందలు.

ట్యాంకు ఖాళీ చేయించాను. నీళ్ళు ఏ ఊరి బావి వద్దనైనా దొరుకుతాయి. పెట్టెలు ఇరుసుకు ముందువైపు జరిపించాను. వెనుక మూలన మరొక పెట్టె తగిలింది. అందులో హార్మోనియం, పాటల పుస్తకాలు.

"పాస్టరుగారు పెట్టిండ్రు," అన్నారు రత్నమ్మ గారు మొహమాటంగా. తరువాత ఆమే దానిని కిందికి దించారు. "రైల్వే స్టేషన్ల ఉంచుదాం సార్. అందాక గొంతుతోనే పాడుకుంటం."

"గొంతు బరువుండది నర్సమ్మా, రాగమే జర బరువు," అన్నాడు ఎల్లయ్య.

ఈసారి మొత్తం రెండు వేల అయిదు వందల ఎనభై. టంగ్ వెయిట్ రెండు వందల అరవై. ఎల్లయ్య రెండు చేతులతో కడ్డీ ఎత్తబోయి, లేవక, నా వైపు చూశాడు. జాకీతో ఎత్తించాను.

మొదటి సర్టిఫికెట్ అడిగి తీసుకొని రద్దు చేశాను. రెండవది రాసి, నా సంతకం కింద సామాను వివరం, ఏది ఎక్కడుండాలో రాసి, "ఇక్కడ నీవు సంతకం చేయాలి," అన్నాను.

"నాదెందుకు సాబ్? నేనేమన్న ఇంజినీర్నా?"

"ఘాటులో సామాను కదిలిందో లేదో చూసేది నీవు కదా."

రత్నమ్మ గారు నేర్పిన అక్షరాలతో అతడు తన పేరు నిదానంగా రాశాడు.

రోలరు పని మరునాటికి వాయిదా వేసి నిర్మల్ దాకా వెళ్ళాను. ఘాటు మొత్తం రెండో గేరులోనే దిగాము. ప్రతి మలుపు తరువాత ఎల్లయ్య అద్దంలో చూసేవాడు. నేను అతని ముఖం చూసేవాణ్ణి. ట్రెయిలర్ ఒక్కసారి కూడా ఊగలేదు.

వానలు వెలిశాక వారిద్దరూ హార్మోనియం కోసం ఆదిలాబాదు వచ్చి, నన్నూ పలకరించారు. ఆ వానాకాలం ట్రెయిలర్‌లో పదకొండు కాన్పులయ్యాయని రత్నమ్మ గారు చెప్పారు.

"తల్లులు?" అని అడిగాను.

ఆమె ఎల్లయ్య వైపు చూశారు.

"అందరు మంచిగున్నరు సాబ్," అన్నాడు.

ఆ తరువాత నా ఉద్యోగం ముగిసేదాకా నేనిచ్చిన ప్రతి సర్టిఫికెట్ మీద డ్రైవరు సంతకం కూడా తీసుకున్నాను. నిబంధనలలో ఎక్కడుందని పై అధికారులు అడిగినప్పుడల్లా, లేదని ఒప్పుకొని, తీసుకుంటూనే వచ్చాను. రద్దు చేసిన ఆ మొదటి కాగితం నా దగ్గర ఉంది. అందులోని తూకంలో ఒక్క అంకె కూడా తప్పు లేదు. ఎల్లయ్య నా మాట విని బండి నడిపి ఉంటే, ఘాటు కింద తుక్కులో దొరికినా ఈ కాగితాన్ని ఎవరూ తప్పుపట్టలేకపోయేవారు. అతడు వినలేదు. అందుకు నేను అతనికి ఋణపడి ఉన్నాను.