ఇనుప కవచాల నలుగురం

మదనపల్లెలో బస్టాండు వెనక సందులో, ఎరువుల అంగడి మీది మేడలో ఒక ఇంటర్నెట్ సెంటరు ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, డిగ్రీ చదివే రోజుల్లో, పరీక్ష ఫలితం చూసుకోవడానికి మొదటిసారి ఆ మెట్లెక్కాను. పాసయ్యాను. సంతోషంగా కిందికి దిగబోతుంటే లోపలి గదిలోంచి కేకలు వినిపించాయి. తొంగి చూస్తే కాలేజీ కుర్రాళ్లు వరసగా కంప్యూటర్ల ముందు కూర్చుని యుద్ధం చేస్తున్నారు. తెరమీద ఎర్రటి నేల, రెండు చందమామలు. ఆ నేలమీద ఇనుప కవచాలు తొడుక్కున్న సైనికులు నలుగురు. అడుగు వేస్తే చాలు, దుమ్ము లేస్తోంది.

నేను కాలేజీ సంగతి మరిచిపోయి అక్కడే నిలబడిపోయాను.

"ఏమ్మా, ఆడతావా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. సెంటరు నడిపే అక్క. ముప్పై దాటిన మనిషి, పుట్టిల్లు కుప్పం, మాటలో కొంచెం తమిళం కలిసేది. భర్త బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ సెలవులకు వచ్చేవాడు. సెంటరు భారమంతా ఆమెదే.

నేను జవాబు చెప్పేలోపే ఒక కుర్రాడు వెనక్కి తిరిగి నవ్వాడు. "అక్కా, ఆడపిల్లోళ్లకి ఇదేమర్థమవుతాది? చాటింగు నేర్పించు."

"సెంటరు నాది. యా కుర్చీలో ఎవురు కూర్చోవల్లో నేను చెప్తా. నువ్వు లెయ్యప్పా" అంది అక్క.

అతను లేచాడు. నేను కూర్చున్నాను. కూర్చున్న కాసేపటికే చచ్చిపోయాను, ఆటలో. గదంతా నవ్వింది. ఆ నవ్వుకు నాకు ఎంత మండిందంటే, మర్నాడు కాలేజీకంటే ముందు ఆ మెట్లే ఎక్కాను.

అది అప్పటికే పాత ఆట. కొత్త ఆటలు అక్క సెంటరులోని సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లమీద నడిచేవి కాదు. సైనికుల చేతులు చెక్కపెట్టెల్లా మూలలు తేలి కనిపించేవి. అయినా ఆ కవచం తొడుక్కుంటే మనిషికి ఏనుగు బలం వచ్చేది. గోడలు దూకొచ్చు, వీపుమీది మంటతో గాల్లోకి లేవొచ్చు. కానీ అదేపనిగా పరుగెత్తితే కవచం వేడెక్కి ఆగిపోయేది. అది చల్లబడేదాకా పక్కవాళ్లు కాపలా కాయాలి. ఒంటరిగా ఎగబడినవాడు ఒంటరిగానే పోయేవాడు. కుర్రాళ్లు ఎప్పుడూ అలాగే పోయేవాళ్లు.

పొద్దున పూట సెంటరు ఖాళీగా ఉండేది. నేను మా హాస్టల్ గదిలోని అమ్మాయిని తీసుకెళ్లాను. ఆమెది బి.కొత్తకోట, వాళ్ల నాన్న టమోటా వ్యాపారి. ఆమె తన క్లాసులోని ఇంకొక అమ్మాయిని తెచ్చింది. ఆ అమ్మాయి తల్లి మిషన్ ఆసుపత్రిలో నర్సు, వాళ్ల కాపురం ఆ కాంపౌండులోనే. నాలుగో మనిషి లేక ఇబ్బంది పడుతుంటే అక్క కౌంటరు వదిలి వచ్చి, చీర కొంగు నడుముకు దోపి కూర్చుంది.

కొత్తకోట అమ్మాయికి ఆగడం తెలియదు, ముందుకు దూకడమే. మిషన్ కాంపౌండు అమ్మాయి ఎవరు పడిపోయినా ఈడ్చుకొచ్చి బాగుచేసేది. ఆ పని చేసేటప్పుడు నోట్లో చర్చి పాట నడుస్తూ ఉండేది. నేను గాల్లోకి లేచి పైనుంచి కాల్చేదాన్ని. అక్కకు మౌస్ సరిగ్గా తిప్పడం ఎన్నడూ రాలేదు. గురి కుదిరేది కాదు. అందుకని అన్నిటికంటే బరువైన కవచం ఎంచుకుని ఆటలోని గోపురం వాకిట్లో నిలబడేది. "నన్ను ఈడనించి కదలమని మాత్రం అడగొద్దండమ్మా" అనేది. నిజంగానే కదిలేది కాదు. ఆమెను దాటి లోపలికి రావడం ఎవరికైనా కష్టంగానే ఉండేది.

ఒకరోజు మా మేనమామ ఎరువులు కొనడానికి కింది అంగడికి వచ్చి, నేను మెట్లు దిగడం చూశాడు. నా వెనకే నలుగురు కుర్రాళ్లు దిగారు. మామ నేరుగా పుంగనూరు వెళ్లి మా ఇంట్లో చెప్పాడు.

ఆ శనివారం ఇంటికి వెళ్లేసరికి నాన్న పాలు పితుకుతున్నాడు. నావైపు చూడకుండానే అడిగాడు.

"ఆ మేడమీద ఏం పనమ్మా నీకు?"

"గేము ఆడతాండాను నాయనా."

"ఏం గేము?"

"యుద్ధం గేము. ఇనుప కవచాలు ఏసుకోని నలుగురం ఒక పక్క కొట్లాడతాము."

నేను ఎగతాళి చేస్తున్నాననుకున్నాడు. మెడమీద నరం ఉబ్బింది. "ఆడ మొగపిల్లోళ్లు ఉంటారంటనే?"

"ఉంటారు. ఆ సెంటరు అక్క కూడా ఉంటాది. నువ్వొకతూరి వచ్చి సూడు."

"నేనొచ్చేది లేదు. నువ్వు మానుకో."

"మానుకోను."

ఆ మాట నా నోట్లోంచి వచ్చిందని నాకే నమ్మకం కలగలేదు. వంటింటి గడపలోంచి అమ్మ కేకేసింది. "ఏమే, నాయనతో అట్లనా మాట్లాడేది?" అయినా మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. "తప్పు పని చేస్తాంటే మానుకుందును నాయనా. ఇది తప్పు గాదు. మా చదువు మేము చదువుతాండాము. మిగిలిన పొద్దులో ఆడుకుంటాండాము. అన్న క్రికెట్టుకు పోతే యాడికి పోయినావని ఎవురన్నా అడిగినారా?"

నాన్న పాలచెంబు తీసుకుని లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. చదువు మాన్పిస్తాడేమోనని లోపల భయంగా ఉండేది. మాన్పించలేదు. నేనూ మెట్లెక్కడం మానలేదు.

ఆ ఏడాదే కుప్పం దగ్గర ఒక కాలేజీలో వేడుకలు జరుగుతాయని, అందులో మేమాడే ఆటకు పోటీ పెట్టారని తెలిసింది. నలుగురున్న జట్టు ఏ ఊరినుంచైనా రావచ్చట. "మా ఊర్లో పోటీ పెట్టి, నేను ఈడ కూర్చోనుంటానా?" అంది అక్క. సెంటరుకు తాళం వేసి మాతో బయలుదేరింది.

బస్సు పుంగనూరు మీదుగానే పోతుంది. "కొంగు కప్పుకోని పడుకో, మీవాళ్లెవురన్నా సూస్తారు" అని కొత్తకోట అమ్మాయి చెప్పింది. నేను కిటికీ అద్దం పూర్తిగా జరిపి, తల బయటికి కనిపించేలా కూర్చున్నాను. పాలక్యాన్లతో నిలబడిన మా వీధి ఆయన ఒకరు నన్ను చూశారు. "నమస్తే మామా, కుప్పానికి పోతాండాను" అని నేనే పలకరించాను.

కాలేజీలో పేర్లు రాసుకునే బల్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్లున్నారు. మమ్మల్ని చూడగానే ఒకతను చెయ్యెత్తి దారి చూపించాడు. "ముగ్గుల పోటీ ఆ పక్క హాల్లో మేడమ్."

"మేము గేముకొచ్చినాము" అన్నాను.

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. "జట్టులో నలుగురుండల్ల."

"నలుగురం ఉండాము."

అతను అక్కవైపు చూశాడు. "ఈ ఆంటీ కూడానా? ఇది స్టూడెంట్సుకి."

అక్క గోడమీది కాగితం దగ్గరికి వెళ్లి, పైనుంచి కిందిదాకా నిదానంగా చదివింది. "నలుగురు కావల్లని ఉండాది. వయసు గురించి లేదు. చదువు గురించి లేదు. చీర కట్టుకోకూడదని కూడా లేదు. యాడ రాసిండాదో సూపించప్పా, పోతాము."

చూపించలేకపోయాడు. వెనక గుమిగూడినవాళ్లు ఈలలేస్తుండగా మా ఊరి పేరు రాసుకున్నాడు.

ఆటలో రెండు జట్లూ ఒక గోపురం కోసం కొట్లాడాలి. గంట మోగేసరికి గోపురం ఎవరి చేతిలో ఉంటే వాళ్లు గెలిచినట్టు. మొదట మాకు ఎదురుపడింది ఆ కాలేజీ జట్టే. వాళ్లు నవ్వుకుంటూ ఒక్కొక్కరే పరుగెత్తుకుంటూ వచ్చారు. వాళ్ల కవచాలు వేడెక్కి మా ముందే నిలిచిపోయాయి. గంట మోగినప్పుడు గోపురం మాది.

వాళ్ల నాయకుడు లేచి, తన మౌస్ పనిచేయలేదన్నాడు. బల్ల దగ్గరి కుర్రాళ్లు వెంటనే ఒప్పుకుని, మళ్లీ ఆడాలన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "మేము ఓడిపోయింటే మళ్లీ ఆడనిచ్చిందురా?" అని అరిచాను.

అక్క నా భుజంమీద చెయ్యేసి కూర్చోబెట్టింది. "ఆడదాం కూర్చో. నా మౌసు ఆ పిల్లోనికిస్తాను, ఆ పిల్లోని మౌసు నేను తీసుకుంటా. మళ్లా సాకు లేకుండా పోతాది."

మౌస్‌లు మార్చుకున్నారు. ఈసారి వాళ్లు జాగ్రత్తగా, కలిసికట్టుగా వచ్చారు. నేను రెండుసార్లు పడిపోయాను. రెండుసార్లూ మిషన్ కాంపౌండు అమ్మాయి నన్ను ఈడ్చుకెళ్లి లేపింది. వాకిట్లో అక్క కవచం పొగలు కక్కుతూ నిలబడే ఉంది. గంట మోగింది. గోపురం మళ్లీ మాదే. మౌస్ సంగతి ఎవరూ ఎత్తలేదు.

తర్వాతి ఆటలో కుప్పం ఊరి జట్టు చేతిలో ఓడిపోయాం. వాళ్లు నిజంగా బాగా ఆడారు. మేం ముగ్గురం పోయాక కూడా అక్క ఒక్కతే చాలాసేపు వాకిలి వదల్లేదు. ఆట ముగిశాక ఆ జట్టులోని ఒకతను వచ్చి, "ఆ వాకిట్లో ఉండింది ఎవురు?" అని అడిగాడు. అక్కను చూపించాం. అతను ఈల వేయలేదు, నవ్వలేదు. "మీతో శానా కష్టమైందక్కా" అని చెప్పి వెళ్లాడు.

తిరుగు ప్రయాణంలో నేను పుంగనూరులో దిగి ఇంటికి వెళ్లాను. ఆ పాలక్యాన్ల మామ అప్పటికే చెప్పి ఉంటాడని తెలుసు. అయినా నా నోటితోనే చెప్పాలనుకున్నాను.

"కుప్పానికి పోయొచ్చినా నాయనా. ఒక జట్టును గెలిచినాము. ఇంకొక జట్టుతో ఓడిపోయినాము."

చాలా రోజుల తర్వాత నాన్న నోరు విప్పాడు. "ఓడిపోయేదానికి అంత దూరం పోవల్లనా?"

"మళ్లా ఏడు కూడా పోతాను."

తల అడ్డంగా ఊపాడు. కానీ ఆ రాత్రి అన్నం దగ్గర, చట్నీ గిన్నె నావైపు ఆయనే జరిపాడు.

మరుసటి ఏడు అన్నట్టే వెళ్లాం. బస్సు పుంగనూరులో ఆగినప్పుడు నాన్న కిటికీ దగ్గరికొచ్చి, చిత్రాన్నం మూట అందించాడు. "మీయమ్మ ఇమ్మనింది" అని, ఇంకేమీ అడక్కుండా గబగబా వెళ్లిపోయాడు.

కాలేజీలో ఈసారి మాకు మర్యాద చేశారు. కుర్చీలు వేశారు. "మేడమ్, మీకోసం ఆడవాళ్ల పోటీ వేరేగా పెట్టినాము" అన్నారు. లోపల చూస్తే ఆ పోటీకి ఇంకొక జట్టే లేదు. కూర్చుంటే చాలు, బహుమతి మాదే. బల్లమీద మెరుస్తున్న కప్పు కూడా కనిపించింది.

మేం నలుగురం పక్కకు వెళ్లి మాట్లాడుకోవాల్సిన పని కూడా రాలేదు. "అందరితో ఆడేదాంట్లోనే రాయండి" అన్నాను.

"అది కష్టమవుతాది మేడమ్. బెంగుళూరు జట్టు కూడా వచ్చిండాది."

"రానీ" అంది అక్క.

మాకు తగిలింది ఆ బెంగుళూరు జట్టే. మొదటి ఆటలోనే చిత్తుగా ఓడిపోయాం. బయటికొచ్చి చెట్టుకింద మూట విప్పి చిత్రాన్నం తిన్నాం. ఆ కప్పు తెచ్చుకుని ఉంటే బాగుండేదని మాలో ఒక్కరూ అనలేదు.